జాడీ అతుకుల పరిశీలన: మూడో నెల

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి నీళ్లు కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు మా ఇంట్లో తడిసిన సామానులో రెండు ఊరగాయ జాడీలు, ఒక చెక్కపెట్టె మిగిలాయి. మూడూ వరదకు ఎంతో ముందే విరిగి, ఎవరి చేతిలోనో అతుకు పడినవే. ఆ అతుకులు దేనితో వేశారో కనిపెట్టడమే మూడు నెలలుగా నా సాయంకాలపు పని. పాత జిగురు దేనికి కరుగుతుందో తెలియకుండా విప్పబోతే పెంకు అంచు కూడా దానితో లేచివస్తుంది కనుక, మ్యూజియం వస్తువుల సంరక్షకులు కూడా ముందుగా పాత మరమ్మతునే పరీక్షిస్తారు.

చెక్కపెట్టె సంగతి వరదే తేల్చింది. నానిన మూలలన్నీ విడిపోయాయి. కీలులో మిగిలిన గోధుమరంగు పెచ్చు మీద గోరువెచ్చని నీటిచుక్క వేస్తే కాసేపటికి ఉబ్బి జిగటగా మారింది. ఎర్రగా కాల్చిన సూది తగిలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. అది తోలు, ఎముకలు ఉడికించి తీసే వడ్రంగుల జిగురు.

పెద్ద జాడీ దగ్గర నేను పొరబడ్డాను. నోట్లు చూసుకోవడానికి అమ్మే 395 నానోమీటర్ల టార్చి ఊదా వెలుతురును కూడా ఎక్కువగా చిమ్మి సన్నని మెరుపులను కప్పేస్తుందని, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి తెప్పించుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చీకటి గదిలో చూశాను. పగులు పొడవునా నీలితెలుపు మెరుపు కనిపించింది. జంతువుల జిగురు కూడా అలాగే మెరుస్తుంది కనుక పుస్తకంలో అదే రాసేసుకున్నాను. గోరువెచ్చని నీటికి మాత్రం అతుకు చలించలేదు. రెండు రోజుల తరువాత, పగులే లేని మెడ భాగమూ, నా ఒంటిమీది బనియనూ అదే రంగులో మెరవడం గమనించాను. ముందురోజు జాడీని బట్టల సబ్బుపొడితో కడిగింది నేనే. ఆ పొడిలో బట్టకు తెలుపు తెచ్చే పదార్థాలు ఆ కాంతిలో నీలంగా వెలుగుతాయి. ఉత్త నీళ్లతో నాలుగైదుసార్లు కడిగి ఆరబెట్టి చూస్తే, పగులులో నారింజ రంగు మెరుపు మిగిలింది. శుద్ధి చేయని లక్క లక్షణం అది. వరదనీటికి అతుకు అక్కడక్కడా తెల్లగా పాలిపోయినా ఊడకపోవడం కూడా లక్కకే సరిపోతుంది.

నిర్ధారణకు అగ్గిపుల్ల కొనకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, అడుగున కనపడని చోట ఆనించాను. పాతబడిన లక్క తొందరగా కరగదు కనుక పైన రేకు కప్పి అరగంట ఉంచితే దూదికి గోధుమరంగు అంటింది. చేతులకు రాసుకునే శానిటైజరులో నీళ్లు, ఇతర పదార్థాలు కలిసి ఉంటాయి కనుక అది ఈ పరీక్షకు పనికిరాదు. అంచున పూడ్చిన తెల్లటి ముద్ద గోటికి గీతపడింది, వెనిగరుకు పొంగలేదు. కనుక అది సున్నం కాదు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అనుకుంటున్నాను.

చిన్న జాడీయే నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టింది. దాని అతుకు పసుపుబారి రాయిలా ఉంది. స్పిరిట్‌కూ, అసిటోన్‌కూ లొంగలేదు. ఇది రెండు ట్యూబులు కలిపి పూసే ఎపాక్సీ అయివుండాలి. అరాల్డైట్ పేరుతో ఆ జిగురు బజారుకు వచ్చింది 1946లో. కానీ మా జేజి పెళ్లినాటికే ఆ జాడీ అతుకులతో ఉందని ఇంట్లో చెప్పుకుంటారు, ఆ పెళ్లి 1938లో జరిగింది. ఇంటి మాట తప్పని కొట్టివేయబోయి, భూతద్దంతో అంచును మరోసారి చూశాను. పసుపు పొర కింద, పెంకులోకి ఇంకిన సన్నని గోధుమరంగు గీత ఉంది. అంటే పాత అతుకు ఊడిన తరువాత, దానిని పూర్తిగా తుడవకుండానే ఎపాక్సీ పూసి ఉండవచ్చు. ఆ గీత దాకా దూది ఇంకా చేరలేదు. ఎపాక్సీని ఉబ్బించే డైక్లోరోమీథేన్ ఇంట్లో వాడదగినది కాదు కనుక, సూదిమొనతో పక్కనుంచి పొడి గీకి తీస్తున్నాను. వారానికి రెండు మిల్లీమీటర్లు సాగుతోంది.

పెద్ద జాడీని తిరిగి అతికించే పని వేసవి దాటాకే. సంరక్షకులు ఎక్కువగా వాడే పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ జిగురు సుమారు 40 డిగ్రీలకే మెత్తబడుతుంది, మే నెలలో మా మిద్దె కింద ఆ వేడి మామూలే. 60 డిగ్రీల దాకా నిలిచే బి-44 దొరికితే దానినే వాడతాను.