నిన్న రాత్రి బ్యాకప్ వచ్చిందా? ఫైలు సమయాన్ని చూసే స్క్రిప్టు

మా సర్వర్‌లో డేటాబేస్ బ్యాకప్ రోజూ తెల్లవారుజామున రెండు గంటలకు మొదలవుతుంది. అది పూర్తయిందో లేదో పొద్దున్నే ఫోల్డర్ తెరిచి చూసుకోవడం ఎవరికైనా మూన్నాళ్ల ముచ్చటే కాబట్టి, ఆ పనిని ఒక చిన్న షెల్ స్క్రిప్టుకు (కమాండ్లను వరుసగా నడిపే ఫైలుకు) అప్పగించాను.

లినక్స్‌లో ఫైలు లోపలి సమాచారం చివరిసారి మారిన వేళను ఎంటైమ్ అంటారు. అనుమతులు, యజమాని వంటి వివరాలు మారినా కదిలేది సీటైమ్. దానితో ఇక్కడ పనిలేదు.

ఎంటైమ్ అనగానే చాలామందికి ముందుగా తట్టేది ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్. ఎంటైమ్‌కు ప్లస్ 1 ఇస్తే ఒక రోజు దాటిన ఫైళ్లన్నీ వస్తాయని అనుకుంటాం గాని, ఫైండ్ ఫైలు వయసును 24 గంటలతో భాగించి మిగిలిన భిన్నాన్ని వదిలేస్తుంది. అందువల్ల 47 గంటల కిందటి ఫైలు కూడా దాని లెక్కలో ఒక రోజుదే. 48 గంటలు నిండితేగాని జాబితాకు ఎక్కదు. నిమిషాల లెక్కన వెతికే ఎంమిన్ ఇస్తే ఈ చిక్కు ఉండదు. అయితే అంతకన్నా పెద్ద లోపం ప్రశ్న అడిగే తీరులో ఉంది. పాత ఫైళ్లను వెతికే స్క్రిప్టు, అసలు ఫైలే లేనప్పుడు ఏమీ పలకదు. మనమేమో అంతా సవ్యంగానే ఉందనుకుంటాం. కాబట్టి కొత్త ఫైలును వెతికి, దొరకకపోతే మొత్తుకునేలా రాయాలి.

నా స్క్రిప్టును, చెప్పిన వేళకు పనులను మొదలుపెట్టే క్రాన్ ఉదయం ఏడింటికి నడుపుతుంది. స్టాట్ కమాండ్ ఎంటైమ్‌ను 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా ఇవ్వగలదు. ప్రస్తుత సమయపు సెకన్లలోంచి దాన్ని తీసివేసినప్పుడు ఫలితం 43,200 దాటినా, అంటే 12 గంటలు మించినా, అసలు ఫైలే లేకపోయినా నాకు మెయిల్ వస్తుంది. తేదీలను పోల్చకుండా సెకన్లను పట్టుకోవడానికి కారణం, సర్వర్ గడియారం అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉండడమే. మనకు తెల్లవారుజామున రెండు అయినప్పుడు అక్కడ ఇంకా ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరే.

ఇక ఎంటైమ్ తాజాగా ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. డేటాబేస్‌ను ఫైలుగా రాసే డంప్ కమాండ్ ఆదిలోనే విఫలమైనా, దాని అవుట్‌పుట్ కోసం షెల్ ముందే ఖాళీ ఫైలును సృష్టించి ఉంటుంది. మధ్యలో ఫైలును కుదించే జీజిప్ ఉంటే అది ఖాళీగా కూడా ఉండదు: ఏమీ లేని ఇన్‌పుట్‌ను కుదించి 20 బైట్ల ఫైలును చక్కగా తయారుచేస్తుంది. వరుసలో ఏ కమాండ్ తప్పినా వైఫల్యంగా లెక్కించే పైప్‌ఫెయిల్ పెట్టుకోకపోతే, ఆ పైప్‌లైన్ (ఒకదాని అవుట్‌పుట్ మరోదానికి అందే కమాండ్ల వరుస) మొత్తం విజయవంతమైనట్టే తేలుతుంది. జీజిప్ పరీక్షలోనూ ఆ ఫైలు నెగ్గుతుంది! అందుకే సైజు సున్నా కాదని తేల్చుకుని ఊరుకోకుండా, ముందురోజు ఫైలుతో పోల్చి, సగానికి తగ్గితే హెచ్చరించమన్నాను. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ డంప్ అయితే మామూలుగా చివరి వరుసలో డంప్ పూర్తయిందన్న వ్యాఖ్య ఉంటుంది. ఫైలును విప్పి ఆ వరుసను చూడడం ఇంకా నమ్మకమైన పద్ధతి.

బ్యాకప్‌ను మరో యంత్రానికి పంపేవారు కాపీ చేసే తీరును కూడా గమనించాలి. మామూలు సీపీ కమాండ్ కాపీకి ఇప్పటి సమయాన్నే వేస్తుంది గనుక, వారం కిందటి బ్యాకప్ కూడా అక్కడ తాజాదానిలా కనిపిస్తుంది. ఫైళ్లను మరో యంత్రానికి కాపీ చేసే ఆర్‌సింక్‌కు ఆర్కైవ్ ఆప్షన్ ఇస్తే అసలు సమయం చెక్కుచెదరకుండా వెళ్తుంది.