ఏం తిన్నావని అందరూ అడిగారు, ఎప్పుడు తిన్నావని ఒక్కరే అడిగారు

దిగులుతో రాత్రిళ్లు తినేసే అలవాటుకి తీసుకున్న కౌన్సెలింగ్ నిన్నటితో అయిపోయింది. నాన్న పోయాక పొలం పంపకాల గొడవ మొదలైంది. ఆ ఐదు నెలల్లో 64 కిలోల నుంచి 71కి వెళ్లాను. తర్వాత నాలుగు నెలలకి 67కి దిగాను.

రక్తపరీక్షలు ఒక్క పూటలో తేలిపోయాయి. థైరాయిడ్, షుగర్, రక్తం శాతం అన్నీ మామూలే. బరువు మారితే అంతా మనసులోనే ఉందనుకునే ముందు ఇవి చేయించుకోవాలి. కారణం తెలియకుండా తగ్గుతుంటే టీబీ పరీక్ష కూడా.

నన్ను కుంగదీసింది బరువు తగ్గించే క్లినిక్. వరండాలో కూర్చున్న పదిమంది ముందు "డెబ్బై ఒకటి, పొట్ట తొంభై నాలుగు" అని గట్టిగా చదివి రాసుకున్నారు. లోపలి అమ్మాయి తలెత్తకుండా 1200 కేలరీల అచ్చు కాగితం చేతిలో పెట్టింది. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రి ఏడింటికి సూప్. "రాత్రి పదిన్నరకి ఆగలేకపోతున్నానండీ" అన్నాను. "నోరు కట్టుకోవాలి మీరే" అంది. నాలుగు రోజులు కట్టుకున్నాను. ఐదో రాత్రి పావుకిలో కారప్పూస అయిపోయింది. పగలంతా కడుపు మాడ్చుకుని, రాత్రికి దిగులు కూడా తోడైతే ఎవరివల్లా కాదు. ముందే కట్టించుకున్న ప్యాకేజీ డబ్బు తిరిగి ఇవ్వలేదు. మొత్తం ముందే కట్టమనే చోటికి వెళ్లకండి.

ఉన్నట్టుండి మనసుకి దెబ్బ తగిలితే ఒంట్లో ఊరే అడ్రినలిన్ హార్మోన్ ఆకలిని చంపేస్తుంది, చావింట్లో ముద్ద దిగనిది అందుకే. అదే దిగులు నెలల తరబడి సాగితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ చాలామందిని తీపి మీదికీ నూనె వంటకాల మీదికీ లాగుతుంది. కొందరికి మాత్రం ఆకలి చచ్చిపోయి బరువు పడిపోతుంది. దిగులును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల్లో ఐదోది ఆకలి తగ్గడాన్నీ, అతిగా తినడాన్నీ కలిపే అడుగుతుంది. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ పెరిగి, చాలనిపించే లెప్టిన్ తగ్గొచ్చు.

క్లినిక్ తర్వాత వెళ్లిన సైకియాట్రిస్టు మాత్రం "ఎప్పుడు తింటున్నారు? దానికి ముందు ఏం జరిగింది?" అని అడిగారు. రెండు వారాలు నోట్‌బుక్‌లో రాయమన్నారు: టైము, తిన్నది, ఆకలి పదికి ఎంత, అంతకుముందు జరిగింది. పద్నాలుగు రాత్రుల్లో తొమ్మిది రాత్రులు ఒకేలా ఉన్నాయి. తొమ్మిదింటికి ఊరి నుంచి ఫోన్, పదిన్నరకి కారప్పూస డబ్బా. ఆకలి చూస్తే రెండో మూడో.

అప్పుడు మార్చింది తిండి కన్నా ముందు ఫోన్. పొలం మాటలు సాయంత్రం ఆరింటికే, ఇరవై నిమిషాలే. పొద్దున ఎనిమిదింటికి మూడు ఇడ్లీ, ఒక గుడ్డు. ఐదింటికి గుప్పెడు వేయించిన శనగలు, మజ్జిగ. రాత్రి ఎనిమిదింటికి అన్నం, పప్పు, పెరుగు కడుపునిండా. అప్పటికీ మనసు లాగితే పది నిమిషాలు ఆగి ఆకలికి మార్కు వేసుకోవాలి. ఆరు దాటితే కంచంలో పెట్టుకుని కూర్చుని తినాలి. ఏదీ నిషేధం కాదు. నిషేధిస్తే మళ్లీ ఆ ఐదో రాత్రే.

బరువు వారానికి ఒక్కసారి, పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, అవే బట్టలతో చూసుకోవాలి. ఒక్క పూట ఊరగాయ ఎక్కువైనా ఒంట్లో నీరు నిలిచి ముల్లు కదులుతుంది. రోజూ చూస్తే ఆ అంకే మరో దిగులవుతుంది.

నాకు మందులు అక్కర్లేకపోయాయి. మీకు రాస్తే మాత్రం బరువు సంగతి ముందే చెప్పండి. మిర్టాజపీన్, ఒలాంజపీన్ లాంటి మానసిక వైద్యంలో వాడే మందులు ఆకలి పెంచుతాయి. అలాగని సొంతంగా ఆపేయకండి, మార్చగలరేమో డాక్టర్నే అడగండి. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి జంకితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

నోట్‌బుక్ ఇంకా రాస్తూనే ఉన్నాను. మొన్న సర్వేయరు వచ్చి వెళ్లిన రాత్రి రాసింది: పది నలభై, కారప్పూస, చిన్న గిన్నెడు, ఆకలి మూడు.