పదమూడు ప్రోటీన్ల పాఠం
బుధవారం, తిరుపతి

ఎమ్మెస్సీ రెండో సంవత్సరం వారికి ఈ రోజు ఆలోటోపిక్ ఎక్స్‌ప్రెషన్, అంటే సహజంగా మైటోకాండ్రియాలో ఉండే జన్యువును కేంద్రకంలో నిలిపి, కణద్రవ్యంలో తయారైన ప్రోటీన్‌ను మళ్లీ మైటోకాండ్రియాలోకి పంపే పద్ధతి, చెప్పాను. అలిపిరి వైపంతా కరెంటు లేకపోవడంతో ప్రొజెక్టర్ మూలన పడింది. అదే మేలైంది, కోడాన్లను, అంటే ప్రోటీన్‌లో ఏ అమినో ఆమ్లం చేరాలో, ఎక్కడ ఆగాలో చెప్పే మూడక్షరాల సంకేతాలను, ఒక్కొక్కటిగా సుద్దముక్కతో దిద్దితే గాని ఈ పనిలోని కష్టం అర్థం కాదు.

మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 16,569 బేస్ జతలు, 37 జన్యువులు ఉన్నా, ప్రోటీన్లను తయారుచేయించేవి 13 మాత్రమే. వాటిలో ఒకదానిని ఉన్నదున్నట్టు కేంద్రకంలో పెడితే ప్రయోజనం ఉండదు, ఎందుకంటే మైటోకాండ్రియాలో ట్రిప్టోఫాన్ అనే అమినో ఆమ్లాన్ని సూచించే యూజీఏ కోడాన్, కణద్రవ్యంలో ప్రోటీన్లను అల్లే రైబోజోములకు ఆగమనే గుర్తు. అక్కడ మెథియోనిన్ అయిన ఏయూఏ ఇక్కడ ఐసోల్యూసిన్. ఇవన్నీ మార్చాక, చిరునామా చీటీలా మైటోకాండ్రియాకు దారి చూపే వరుసను ప్రోటీన్ మొదట్లో అతికించాలి. ఇంత చేసినా, ఇవి పొరలో ఇమిడి నీటికి దూరంగా ఉండే స్వభావం గల ప్రోటీన్లు కనుక దారిలోనే ముద్దకట్టవచ్చు, ప్రవేశద్వారంలో ఇరుక్కోనూవచ్చు. 1988లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ నాగ్లీ బృందం ఈస్ట్‌లో నెగ్గింది. అయితే వారు ఎంచుకున్నది, కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే ఏటీపీ సింథేజ్ ఎంజైమ్‌లోని 8వ ఉపభాగం; అందులో ఉన్నవి 48 అమినో ఆమ్లాలే.

చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి, "మందుగా ఇంకా కుదురుకోని పద్ధతికి ఇంత శ్రమ ఎందుకు మేడమ్?" అని అడిగింది. మందు సంగతి తరువాత, ముందు నేరం ఎవరిదో తేలాలి కదా అన్నాను. రోగి కణంలో వందలు, వేల మైటోకాండ్రియా డీఎన్‌ఏ ప్రతులు ఉంటాయి; కొన్నిటిలో లోపం ఉంటుంది, కొన్నిటిలో ఉండదు; పైగా కేంద్రక జన్యువుల ప్రభావమూ ఉంటుంది, కనుక వ్యాధికి ఏది కారణమో తేల్చడం కష్టం. 2002లో మైటోకాండ్రియా డీఎన్‌ఏ 8993వ స్థానంలో లోపం ఉన్న మానవ కణాలకు, ఏటీపీ సింథేజ్‌లోనే మరో ఉపభాగమైన ఏటీపీ6ను సరైన రూపంలో కేంద్రకం నుంచి అందించినప్పుడు ఏటీపీ తయారీ మెరుగుపడింది కనుకనే ఆ లోపాన్ని నిలదీయగలిగారు. తిరగేసి కూడా చేయవచ్చు: చూపు పోగొట్టే లెబర్ దృక్ నాడి వ్యాధికి కారణమయ్యే లోపంతో ఎన్‌డీ4 అనే మైటోకాండ్రియా జన్యువును ఎలుక కంటిలో ప్రవేశపెట్టి, నాడి క్షీణించడాన్ని చూశారు. మైటోకాండ్రియా డీఎన్‌ఏను నేరుగా దిద్దడం దాదాపు అసాధ్యంగా ఉన్న కాలంలో వ్యాధికి నమూనా జంతువు దొరకడం చిన్న విషయమేమీ కాదు. అయితే సరైన ఎన్‌డీ4ను కూడా అదే తీరున ప్రవేశపెట్టి పోల్చి చూడకుండా, హాని లోపానిదో, ఇరుక్కున్న ప్రోటీన్‌దో చెప్పడానికి వీల్లేదని నొక్కి చెప్పాను.

స్టాఫ్ రూములో సహోద్యోగి ఒకరు లెబర్ వ్యాధి రోగులపై జరిగిన పరీక్షలను ప్రస్తావించారు: ఒక కంటికి, జన్యువును కణాల్లోకి మోసుకెళ్లే ఏఏవీ వైరస్ ద్వారా సరైన ఎన్‌డీ4, రెండో కంటికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇస్తే, చివరకు రెండు కళ్లలోనూ చూపు కొంత మెరుగైంది. ఆయనకు అది శుభవార్త. రోగికి శుభవార్తే, కాదనను. కానీ పోల్చడానికి ఉంచుకున్న కన్నే బాగుపడ్డాక ఆ పరీక్ష తన ప్రశ్నకు జవాబు చెప్పే స్థితిలో లేదని నా అభిప్రాయం. వచ్చే వారం సెమినార్‌కు ఈ అంశాన్ని ఆ చిత్తూరు అమ్మాయికే ఇచ్చాను.