రాత్రి అమ్మను ఎవరు పక్కకు తిప్పుతారు?

"ఆడ నువ్వు సూసేది గూడా ఎవురో ఒగరి అమ్మనే గదా పాపా. మీ అమ్మను మేము సూసుకుంటాంలే" అంది ఆయా. కర్నూలులో మా ఇంటికి దగ్గరున్న వృద్ధాశ్రమంలో, అప్పటికి అరగంటగా ఆమెను ప్రశ్నలతో నిలబెట్టి ఉంచాను. ఆ మాటతో నా నోరు పెగల్లేదు.

నాలుగేళ్లుగా ఇంగ్లండులో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుగా చేస్తున్నాను. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే కాన్పులకూ ఆపరేషన్లకూ పోయే చిన్న ఆసుపత్రి. అక్కడ అది ముసలివాళ్లు కడదాకా ఉండే చోటు. ఇలాంటి చోట్లపై నిఘా పెట్టే కేర్ క్వాలిటీ కమిషన్ వాళ్లు చాలాసార్లు చెప్పకుండానే తనిఖీకి వస్తారు. 'అవుట్‌స్టాండింగ్' (అద్భుతం) నుంచి 'ఇనాడిక్వేట్' (ఏమాత్రం చాలదు) దాకా నాలుగు రకాల రేటింగుల్లో ఒకటి ఇస్తారు. అది వచ్చేవాళ్లందరికీ కనిపించేలా పెట్టాల్సిందే.

అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. నాయన లేడు. తమ్ముడు బెంగళూరులో. నాకున్నది నెల సెలవు.

రాత్రి ఎంతమంది ఉంటారని అడిగాను. పదహారు మందికి ఆమె ఒక్కతే. ఒకే పక్కన పడుకుని ఒళ్లు పుండు పడకుండా ఎన్ని గంటలకోసారి తిప్పుతారు, ఎక్కడైనా రాసిపెడతారా? "మూలిగితే తిప్పుతాం" అంది. అంతలో పక్క మంచంలో పడుకున్న మనిషికి ఇంకో అమ్మాయి గ్లాసుతో నీళ్లు పోస్తుంటే నేను గట్టిగా అరిచాను. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టం. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. లేపి కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తాగించాలి. అవసరమైతే మా హోమ్‌లో పొడి కలిపి నీళ్లను చిక్కగా చేస్తాం.

తర్వాత ఒక అవ్వ మడమ చూశాను. కాస్త ఎర్రగా ఉంది. వేలితో నొక్కితే రంగు పోయి మళ్లీ వచ్చింది. పోకుండా అలాగే ఉంటే పడక పుండు మొదలైనట్టు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు కాబట్టి వేడిగా, గట్టిగా ఉందేమోనని తడిమాను. తుంటి, నడుము కూడా చూశాను. ఎక్కడా పుండు లేదు. తలకు నూనె పెట్టి జడ వేసి ఉంది.

అప్పటినుంచి అదే ఆలోచన. మా హోమ్‌లో ప్రతి తిప్పుడూ, తాగించిన నీళ్లూ చార్టులో రాసి సంతకం పెడతాం. కానీ తిప్పేటప్పుడు ఒక మాట మాట్లాడే తీరిక లేని రాత్రులు ఎన్నో. జడ వేయడం మాట సరేసరి. అయినా ఆ చార్టును నేను తక్కువ చేయలేను. ఒక తాత రాత్రంతా చుక్క నీళ్లు తాగలేదని పొద్దున డ్యూటీకి వచ్చిన నర్సుకు తెలిసింది ఆ కాగితం వల్లే. ఈ ఆయా ఒక రాత్రి జ్వరంతో పడిపోతే అమ్మ సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఎవరో ఒకరి అమ్మను చూస్తున్నాను, నిజమే. అమ్మ మందులూ, ఇంటి అప్పూ, తమ్ముడి చదువూ ఆ జీతంతోనే జరిగాయి. ఈ మాట ఆమెకు చెప్పాలనిపించింది. చెప్పలేదు.

మరునాడు ఒక అట్టముక్క తీసుకుని పోయాను. ఆమెకు చదువు రాదు. అందుకని ఎడమకు, కుడికి, వెల్లకిలా పడుకున్న బొమ్మలు గీసి, పక్కన గడియారాలు గీశాను. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసింది. రాత్రి రెండు గంటల గడియారం దగ్గర ఆగింది.

"నేను గూడా రోంత పండుకోవల్ల గదా పాపా."

రాత్రికి ఇంకొక మనిషిని పెట్టండి, ఆ జీతంలో సగం నేను పంపుతానని ఆశ్రమం యజమానిని అడిగాను. ఆలోచించి చెప్తానన్నాడు. సోమవారం నా ఫ్లైట్.