బోరింగు నీళ్ల నుంచి బాయిలర్ నీళ్ల దాకా

మనది 1988 పదో తరగతి బ్యాచ్. నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపు జిల్లా పరిషత్ హైస్కూలు, వేపచెట్టు, దాని పక్కన బోరింగు. నా ఉద్యోగం, తర్వాత నా వ్యాపారం, రెండూ ఆ బోరింగు దగ్గరే మొదలయ్యాయని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అందుకే మన బ్యాచ్ సమ్మేళనం కోసం రాసే ఈ మాటలు అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఆ నీళ్లు చల్లగా, తేటగా ఉండేవి. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే ఒకరు హ్యాండిల్ కొడితే ఇంకొకరు దోసిలి పట్టేవాళ్లం. పళ్ల మీద గోధుమరంగు చారలు అందరికీ ఉండేవి కాబట్టి మనుషులందరికీ అలాగే ఉంటాయనుకున్నాం. మూడో బెంచీలో కూర్చునే మన మిత్రుడికి మోకాళ్లు వంకరపోయాయి. వాడు మెల్లగా నడిచి వచ్చేసరికి ప్రార్థన అయిపోయేది. సైన్స్ సార్ మాత్రం వాడు వచ్చి కూర్చునేదాకా పాఠం మొదలుపెట్టేవారు కాదు.

ఒకరోజు సార్ ఒక బకెట్, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ తెచ్చి వరండాలో పెట్టారు. బోరింగు నీళ్లలో అవి కలిపి ముందు జోరుగా, తర్వాత నెమ్మదిగా తిప్పమన్నారు. కాసేపటికి నీళ్లలో దూది పింజల్లాంటివి పుట్టి, మెల్లగా అడుక్కి దిగాయి. పైన తేరిన నీళ్లే తాగాలన్నారు. మన పళ్లకు చారలు, ఎముకలకు వంకర తెచ్చేది ఆ నీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరైడ్. దాన్ని తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. "మన జిల్లా పేరు బయటిదేశాల పుస్తకాల్లో కూడా ఉందిరా, మన బాధ వల్ల" అన్నారు సార్. మరగబెడితే ఫ్లోరైడ్ పోదా అని నేనే అడిగాను. "పోదు. నీళ్లు ఆవిరైపోతాయి, అది మిగిలి ఇంకా చిక్కబడుతుంది" అన్నారు. చూస్తే తేటగా ఉంది, తాగితే తియ్యగా ఉంది, లోపల ఎముకను వంచేస్తోంది. ఆ రోజు నాకు భయం వేసింది. కొలిస్తే తప్ప తెలియనిది ఒకటి ఉంటుందని మొదటిసారి తెలిసింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో, సోవియట్ యూనియన్ నుంచి మన నేవీ లీజుకు తీసుకున్న అణు జలాంతర్గామి ఐఎన్‌ఎస్ చక్ర విశాఖపట్నం చేరింది. పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి సార్ నోటీసు బోర్డుకు అతికించారు. సముద్రం ఎలా ఉంటుందో కూడా తెలియని నేను ఆ నల్లటి పడవను రోజూ చూసి వెళ్లేవాణ్ణి.

1989లో ఆర్టిఫిసర్ అప్రెంటిస్‌గా, అంటే ఓడల యంత్రాల పని నేర్చుకునేవాడిగా, నేవీలో చేరాను. ఒడిశాలో చిల్కా శిక్షణ కేంద్రం, ఆ తర్వాత లోనావాలాలో నేవీ ఇంజినీరింగ్ నేర్పే ఐఎన్‌ఎస్ శివాజీ, ఆ తర్వాత ఓడల ఇంజిన్ రూములు. పదిహేడేళ్లు అలా గడిచాక అణు విభాగానికి ఎంపికయ్యాను. చెన్నై దగ్గర కల్పాక్కంలో, జలాంతర్గామిలో పెట్టే రియాక్టర్‌కు నమూనాగా నేల మీద కట్టిన రియాక్టర్ ఉంది. అక్కడ శిక్షణ. 2009 జులై 26న విశాఖలో కొబ్బరికాయ కొట్టి, మన దేశంలో కట్టిన అణు జలాంతర్గామి అరిహంత్‌ను నీళ్లలోకి దించారు. ఆ వార్త దేశమంతా తెలిసింది. 2013 ఆగస్టు 10న దాని రియాక్టర్ క్రిటికల్ అయింది, అంటే అందులో అణు చర్య తనంతట తాను సాగడం మొదలైంది. నేను ఎక్కడ, ఏ పని చేశానో మాత్రం ఇక్కడ రాయను, రాయకూడదు. అందరికీ తెలిసిన సంగతులే చెబుతాను.

రియాక్టర్ అనగానే అందరూ యురేనియం గురించి అడుగుతారు. అక్కడ పనిచేసేవాడికి రాత్రింబవళ్లు టెన్షన్ పెట్టేది నీళ్లు. ఈ రకం రియాక్టర్లో ఇంధనం చుట్టూ తిరిగే నీటిని మరగకుండా భారీ ఒత్తిడిలో ఉంచుతారు. న్యూట్రాన్ల వేగం తగ్గించేదీ, వేడిని బయటికి మోసుకొచ్చేదీ ఆ నీళ్లే. ఆ వేడి స్టీమ్ జనరేటర్ ట్యూబుల గుండా అవతలి నీటికి చేరితే ఆవిరి పుడుతుంది, ఆవిరితో టర్బైన్ తిరుగుతుంది. ఆ నీళ్లలో క్లోరైడ్ ఏమాత్రం ఎక్కువైనా స్టెయిన్‌లెస్ స్టీలుకు కంటికి కనిపించని పగుళ్లు పడతాయి. మన ఊరి ఫ్లోరైడ్‌ను పది లక్షల భాగాల్లో ఒకటా, ఒకటిన్నరా అని లెక్కపెట్టేవాళ్లం. అక్కడ లెక్క వంద కోట్ల భాగాల్లో.

మాకు మొదటి రోజే నేర్పింది లాగ్‌బుక్ రాయడం. మీటరులో కనిపించిందే రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. చూడని రీడింగ్ రాసినవాడు ఎంత పనిమంతుడైనా మళ్లీ ఆ ప్యానెల్ ముందు నిలబడలేడు. వాచ్, అంటే డ్యూటీ వంతు, మారేటప్పుడు వచ్చినవాడు మొత్తం విని, చదివి, "ఇక నేను చూసుకుంటా" అంటాడు. ఆ మాట చెవిన పడ్డాకే మనిషికి నిద్ర పడుతుంది.

2014లో రిటైరై నల్లగొండ వచ్చాను. సెక్యూరిటీ ఉద్యోగాలు చాలా చెప్పారు. నాకు మాత్రం ఆ బోరింగు మనసులో ఉంది. వచ్చిన డబ్బులో ఆరు లక్షలు పెట్టి ఆర్‌వో ప్లాంట్ల షాపు తెరిచాను. మొదటి రోజుల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది టీడీఎస్ మీటరు, నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒకే అంకెగా చూపించేది. అంకె తక్కువ చూపిస్తే నీళ్లు మంచివని అందరి నమ్మకం. ఆ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు, దానికి వేరే పరీక్ష ఉందని ప్రతి ఇంట్లో చెప్పేవాణ్ణి. ఫ్లోరైడ్‌కు మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా. అది రాసిన కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను.

2015 జూన్‌లో చౌటుప్పల్ దగ్గర మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. రెండు మూడేళ్లలో కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి, నా అమ్మకాలు పడిపోయాయి. షాపు అద్దె కట్టడం కష్టమైన నెలలున్నాయి. కానీ ఆ నల్లా నీళ్లు చూసి బాధపడే హక్కు నాకు లేదనే అనుకున్నాను. మొన్న మూడో బెంచీ మిత్రుడి ఇంటికి వెళ్తే మనవరాలిని పిలిచి, "నా కాళ్లు ఇగ సక్కగ గావు. దీని పండ్లు జూడు" అన్నాడు. ఆ పాప నవ్వింది. తెల్లటి పళ్లు, ఒక్క చార లేదు. నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

వ్యాపారం నిలబడింది మిర్యాలగూడలో. అక్కడి మిల్లుల్లో ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబెట్టి ఆవిరి పట్టాలి, అంటే ఊకతో మండే బాయిలర్ ఉండాలి. బోరు నీళ్లు నేరుగా బాయిలర్లోకి పోతే ట్యూబులకు సున్నం పేరుకుంటుంది, వేడి నీటికి అందదు, ఇనుము ఎర్రగా కాలి ఉబ్బుతుంది, ఒకరోజు పగులుతుంది. ఇది నాకు తెలిసిన విద్య. నీళ్ల గట్టిదనం తీసే సాఫ్ట్‌నర్ పెట్టి, అందులో ఆ పని చేసే రెజిన్ అనే పూసలను ఉప్పు నీళ్లతో ఎప్పుడు కడగాలో నేర్పడం మొదలుపెట్టాను. ఓనరు ముందే గాజు ఫ్లాస్కులో నీళ్లు పోసి, చిటికెడు రంగు వేస్తే ద్రాక్షపండు ఎరుపు వస్తుంది. బ్యూరెట్ నుంచి మందు చుక్క చుక్కగా వదులుతుంటే ఒక్క చుక్క దగ్గర అది నీలం అవుతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పడితే అంత గట్టి నీళ్లు. ఎంత పెద్ద సేఠ్ అయినా ఆ ఒక్క చుక్క కోసం ఊపిరి బిగబట్టి చూస్తాడు.

ఒక మిల్లులో మేం పెట్టిన సాఫ్ట్‌నర్ ఉండగానే ట్యూబుకు సున్నం పట్టిందని ఫోన్ వచ్చింది. తెల్లవారుజామున అయిదింటికి వెళ్లాను. లాగ్‌బుక్ తెరిస్తే ఎనిమిది గంటల దాకా రీడింగులు రాసేసి ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆపరేటర్ పార కింద పెట్టి, "సార్, ఊక ఎత్తాల్నా, బుక్కు రాయాల్నా?" అన్నాడు. నల్లటి చేతులు, పన్నెండు గంటల డ్యూటీ, పక్కన ఇంకో మనిషి లేడు. గంటకొక రీడింగ్ చొప్పున ఇరవైనాలుగు గళ్లు గీసి ఇచ్చింది నేను. జలాంతర్గామిలో ఉన్నంతమంది ఇక్కడ ఉన్నారన్నట్టు గీశాను. తప్పు నాది. ఆ రెజిన్ నా ఖర్చుతో మార్చి, షిఫ్టుకు రెండే రీడింగులు పెట్టాను. గడియారం పక్కనే పరీక్ష సీసా తగిలించాను. ఆ తర్వాత ఆ పుస్తకంలో కొట్టివేతలు కనిపించసాగాయి, పక్కన వంకరటింకర సంతకాలతో. అవి చూస్తే నాకు ఎంత ధైర్యమో చెప్పలేను.

నేవీలో లేనిది ఉద్దెర. యాసంగి పంటకు పెట్టిన మెషీన్ డబ్బు వానాకాలం పంటకు వచ్చేది. ఒకటో తారీఖున జీతం కోసం షాపులో పనిచేసే ముగ్గురు కుర్రాళ్లు నా ముఖం చూసేవాళ్లు. వాచ్ మారే సమయం లేదు, వచ్చి అందుకునేవాడు లేడు. ఒక రాత్రి లెక్కల పుస్తకం ముందు కూర్చుని ఉంటే మా ఆవిడ వచ్చి, "బాకీల పుస్తకం నాకియ్యండి, ఇక నేను చూసుకుంటా" అంది. నేవీ భార్యగా అన్నేళ్లు ఒంటరిగా ఇల్లు నడిపిన మనిషికి ఆ మాట విలువ తెలుసో లేదో, నేను మాత్రం ఆ రాత్రి పడుకుని నిద్రపోయాను. ఇప్పటికీ వసూళ్లు ఆమెవే, మెషీన్లు నావి.

సార్ లేరు. ఆయన బకెట్ పెట్టిన వరండా ఉంది. ప్రతి జూన్‌లో బడి ట్యాంకు నీళ్లు పరీక్ష చేసి కాగితం హెడ్మాస్టర్ గారికి ఇచ్చి వస్తున్నాను.

మీలో ఎవరింట్లో అయినా, పొలంలో అయినా ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే ఈ సమ్మేళనానికి వచ్చేటప్పుడు ఒక సీసా పట్టుకురండి. గాజుది వద్దు, లీటరు ప్లాస్టిక్ సీసా. ముందు బోరును కాసేపు పారనిచ్చి, అవే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి నింపండి. మూత గట్టిగా బిగించి ఊరు పేరు, తేదీ రాయండి. డబ్బులేమీ వద్దు. వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటాను.