కుట్లు తీశారు!

ఈరోజు మా మేనకోడలి పెదవికి కుట్లు తీశారు. నాలుగు నెలల కిందట అది గ్రహణం మొర్రితో పుట్టినప్పుడు మా అమ్మ అన్న మొదటి మాట, "గ్రహణం పూట బయట తిరగొద్దంటే విన్నావా?" అని. పచ్చి బాలింత అక్క, ఏం చెప్తుంది! కడుపులో మొదటి రెండు నెలల్లోనే పెదవి భాగాలు సరిగ్గా కలవకపోతే ఇలా అవుతుందని, గ్రహణంతో సంబంధం లేదని డాక్టరమ్మ విడమరిచి చెప్పాకే అమ్మ ఊరుకుంది.

బావ అయితే ఆటో అమ్మేద్దామనే అనుకున్నాడు. స్మైల్ ట్రైన్ సంస్థ సాయంతో పైసా తీసుకోకుండా ఆపరేషన్ చేసే ఆసుపత్రులున్నాయని ఆశా కార్యకర్త చెప్పింది. కానీ వెంటనే చేయరట, 10 వారాలు నిండాలి, దాదాపు 4.5 కిలోల బరువు ఉండాలి, హిమోగ్లోబిన్ 10 ఉండాలి. అంగిలి కూడా చీలి ఉండటంతో పాలు పీల్చలేకపోయేది, రాత్రనక పగలనక ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టించడమే, వారం వారం తూకం టెన్షన్, వంద గ్రాములు పెరిగితే ఇంట్లో పండగే.

అంగిలి ఆపరేషన్ ఏడాది వయసు దగ్గర ఇంకోటి ఉంది. ప్రస్తుతానికి మాత్రం మేడమ్ గారు నవ్వుతోంది, ఫోన్ తీసేలోపే ఆపేస్తోంది.