బొటనవేలు పైకెత్తితే బయటికే

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటూ స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్నానని చెబితే మనవాళ్ళు మొదట అడిగేది "ఆ చలిలోనా?" అని. ఆ తర్వాత "అండమాన్ వెళ్ళి నేర్చుకోవచ్చుగా?" అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అండమాన్‌లో నాలుగైదు రోజుల్లో, గోరువెచ్చని నీళ్ళలో పని అయిపోతుంది. ఇక్కడైతే నెలలు పడుతుంది. అయితే నేను వెతుక్కుంటున్నది సాయంత్రం ల్యాప్‌టాప్ మూసేశాక వెళ్ళడానికి ఒక చోటు. ఈ దేశం వచ్చాక నా స్నేహాలన్నీ ఆఫీసు, తెలుగువాళ్ళ పిక్నిక్‌లు, వాట్సాప్ గ్రూపుల చుట్టూనే తిరిగేవి. మా టీమ్‌లో ఒకాయన "ఒకసారి పూల్‌కి వచ్చి చూడు, నచ్చకపోతే మానెయ్" అన్నాడు. వెళ్ళాను.

బ్రిటన్‌లో డైవింగ్ నేర్పే క్లబ్బులు చాలా ఉన్నాయి. బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ 1953లో మొదలైంది, దేశమంతా దాని శాఖలున్నాయి. డబ్బు కట్టి డైవింగ్ షాపులో కోర్సు చేసే దారి కూడా ఉంది. క్లబ్బులో నేర్పేవాళ్ళు మాత్రం జీతం లేకుండా, సరదాకి నేర్పుతారు. నాకు నేర్పినాయన వృత్తి ప్లంబింగ్. నీళ్ళ దగ్గర ఆయన మాటే చెల్లుతుంది. ఆఫీసులో నాకంటే మూడు మెట్లు పైనున్న పెద్దమనిషి అక్కడ సిలిండర్లు మోస్తూ, అందరికీ టీ కలుపుతూ కనిపిస్తాడు. ఎవరినైనా పేరు పెట్టే పిలవాలి. డెబ్బైకి దగ్గరపడిన మనిషిని అలా పిలవాలంటే నాకు ఇప్పటికీ నోరు రాదు, ఏదో దగ్గి మాట మొదలుపెడతాను.

ఈత వచ్చా అని అడిగారు. చిన్నప్పుడు కాలవలో నడుముకి బెండు కట్టుకుని నేర్చుకున్న ఈత, తల పైకెత్తి చేతులు టపటపా కొట్టేది. చూసి నవ్వారు గానీ సరిపోతుందన్నారు. దాని తర్వాత ఆరోగ్యం ఫారం. ఉబ్బసం, బీపీ, గుండె జబ్బు లాంటి వాటికి 'అవును' అని టిక్ పెడితే డైవింగ్ గురించి తెలిసిన డాక్టర్ సరేనని సంతకం పెట్టేదాకా నీళ్ళలోకి దింపరు. బీపీ మాత్ర వేసుకుంటూ ఎవరికీ చెప్పని అలవాటు మనవాళ్ళలో బాగా ఉంది. ఈ ఫారం దగ్గర మాత్రం అది పనికిరాదు.

అసలు కష్టం డ్రైసూట్‌తో. లోపల మందపాటి ఉన్ని బట్టలు, వాటి మీద నీళ్ళు చొరబడని సూట్, మెడ దగ్గరా మణికట్ల దగ్గరా బిగుతుగా రబ్బరు పట్టీలు. మెడ పట్టీలోంచి తల దూర్చడానికి టాల్కం పౌడర్ రాసుకోవాలి, కళ్ళజోడు తీసేయాలి, చెవులు మడతపడకుండా చూసుకోవాలి. దిగేకొద్దీ నీటి ఒత్తిడికి లోపలి గాలి కుంచించుకుపోయి, బీపీ చూసే పట్టీని ఒళ్ళంతటికీ చుట్టి బిగించినట్టు ఉంటుంది. అప్పుడు ఛాతీ మీది బటన్ నొక్కి కాస్త గాలి ఎక్కించుకోవాలి. పైకి వచ్చేటప్పుడు ఆ గాలే ఉబ్బుతుంది, ఎడమ జబ్బ మీది వాల్వ్ ఎత్తిపట్టి వదిలేయాలి. తల కిందికి పోతే గాలంతా పాదాల్లోకి చేరి, కాళ్ళు ముందుగా పైకి లాక్కుపోతాయి. ఇదంతా నడుముకి పది కిలోలకు పైగా సీసం కట్టుకుని చేయాలి. సూట్ వేసుకునే ముందు రెండో కప్పు టీ ఎందుకు వద్దంటారో అది వేసుకున్న పది నిమిషాలకే అర్థమవుతుంది.

పూల్ అయ్యాక స్టోనీ కోవ్. లెస్టర్‌కి దగ్గర్లోనే ఉన్న పాత గ్రానైట్ క్వారీ అది. తవ్వకం ఆగాక ఊటనీరు నిండింది. అంచెలంచెలుగా ఆరేడు మీటర్ల గట్టు, ఇరవై మీటర్ల గట్టు, ఆ కింద ముప్ఫై అయిదు మీటర్ల దాకా లోతు ఉంటుంది. డైవర్ల కోసమే 2000లో ముంచిన స్టేన్‌గార్త్ అనే టగ్ బోటు (ఓడల్ని లాగే పడవ) ఇరవై మీటర్ల గట్టు మీద నిలబడి ఉంది. మొఖం నీళ్ళలో పెట్టగానే నుదురు పగిలిపోతున్నట్టు ఒక నొప్పి, నిమిషంలో అదే పోతుంది. పెదాలు మొద్దుబారి, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లో ఉందో లేదో తెలియదు, చేత్తో తడిమి చూసుకోవాలి. ఆ రెగ్యులేటర్‌కీ చలి పడదు. సిలిండర్‌లో రెండు వందల బార్‌కి పైగా ఒత్తిడితో నొక్కిపెట్టిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడుతుంది. లోపల మంచు పేరుకుంటే వాల్వ్ తెరిచినట్టే ఇరుక్కుపోయి గాలి బుసలు కొడుతూ పోతూనే ఉంటుంది. అందుకే చలిలో గట్టు మీద నిలబడి ఊరికే రెగ్యులేటర్‌తో ఊపిరి పీల్చి చూడొద్దంటారు.

ఒక ఆదివారం ఆ పై గట్టు దాటి కిందికి దిగుతున్నాం. నీళ్ళు మసకగా, పచ్చగా ఉన్నాయి. మెడ పట్టీ గొంతు నొక్కుతున్నట్టు అనిపించింది. ఊపిరి పొట్టిపొట్టిగా వస్తోంది. ప్రమాదమేమీ లేదని తెలుసు, అయినా టెన్షన్ తగ్గడం లేదు. నా జోడీ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు, బాగున్నావా అని. నేను బొటనవేలు పైకెత్తాను. నీళ్ళ కింద దానికి ఒకటే అర్థం, డైవ్ ముగిసింది, పైకి పోదాం. వెంటనే తనూ బొటనవేలు ఎత్తాడు. ఏమైందని సైగ చేయలేదు, ఇంకొంచెం చూద్దామనీ అనలేదు. ఇద్దరం మెల్లగా పైకి వచ్చాం. ఒడ్డున నన్ను అడిగిన ప్రశ్న టీయా, కాఫీయా అన్నదొక్కటే. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా డైవ్ ఆపొచ్చు, కారణం అడగకూడదు. వాళ్ళ రివాజు అది. తన వంతు కోసం వారమంతా ఎదురుచూసిన మనిషి కూడా మొహం ముడుచుకోలేదు.

ఇదే బొటనవేలు ఆఫీసు చాట్‌లో నేను రోజూ వాడతాను. రాత్రి తొమ్మిదింటికి "ఇది కాస్త చూస్తావా?" అని మెసేజ్ వస్తే ఒక బొటనవేలు, శనివారం రిలీజ్ ఉందంటే ఇంకోటి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే, ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చే గడువు 60 రోజులు. ఆ లెక్క బుర్రలో తిరుగుతున్నవాడి నోట 'కుదరదు' అన్న మాట అంత తేలిగ్గా రాదు. క్లబ్బులో చేరిన కొన్నాళ్ళకి ఒక శుక్రవారం, వీకెండ్ సపోర్ట్ అడిగితే "ఈ వారం కుదరదు" అని రాశాను. కింద కారణం రాయలేదు. "సరే, ఇంకెవరినైనా చూస్తాను" అని జవాబు వచ్చింది. ప్రతిసారీ అలా రాస్తానని చెప్పను. వీసా రెన్యువల్‌కి ముందు నెలల్లో అయితే అస్సలు రాయను.

సముద్రం సంగతి వేరు. నా మొదటి సముద్రపు డైవ్ దక్షిణ తీరాన డోర్సెట్‌లోని స్వానేజ్ పియర్ కింద, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన కొయ్య వంతెన కింద. లోతు నాలుగైదు మీటర్లే. కొయ్య స్తంభాల సందుల్లోంచి టాంపాట్ బ్లెన్నీ అనే చేప, తల మీద రెండు కొమ్మల్లాంటి కుచ్చులతో, మనల్ని తేరిపార చూస్తుంది. అక్కడ ఎండకి మోసపోకండి. మే నెలలో జనం టీషర్టుల్లో ఐస్‌క్రీం తింటూ తిరుగుతుంటారు, నీళ్ళు మాత్రం ఇంకా చలికాలంలోనే ఉంటాయి. సముద్రం ఫిబ్రవరి, మార్చిలో అన్నిటికంటే చల్లగా ఉంటుంది, మెల్లగా వేడెక్కి ఆగస్టు చివరికీ సెప్టెంబరుకీ దక్షిణ తీరంలో పదిహేడు డిగ్రీల దాకా వస్తుంది. కాబట్టి చేరాలనుకునేవాళ్ళు నవంబరులో చేరండి. చలికాలమంతా వెచ్చని పూల్‌లో గడిచిపోతుంది, వసంతంలో క్వారీలో పళ్ళు కొరుక్కుంటారు, సముద్రం కాస్త దయ చూపే వేళకి మీ చేతిలో డైవింగ్ అర్హత కార్డు ఉంటుంది. డ్రైసూట్ మొదటి ఏడాది కొనకండి, అద్దెకు దొరుకుతుంది.